దక్షిణచిత్రలో పాత ఇళ్లు చూసే పద్ధతి

చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు చుట్టిల్లు, అంటే గుండ్రటి మట్టి ఇల్లు, చూపించాలంటే సంక్రాంతికి ఊరెళ్లేదాకా ఆగక్కర్లేదు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర ఉంది. 1996లో తెరిచిన ఈ మ్యూజియంలో అద్దాల పెట్టెల కంటే ఇళ్లే ముఖ్యం. దక్షిణాది రాష్ట్రాల్లో కూల్చేయబోతున్న పాత ఇళ్లను కొని, విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ కట్టారు.

మంగళవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం 10కి తెరుస్తారు, సాయంత్రం 6 దాకా ఉంటుంది. తిరువాన్మియూర్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. మహాబలిపురం బస్సు ఎక్కేముందు ఈసీఆర్ మీదుగా వెళ్తుందా అని కండక్టర్‌ను అడగండి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీదుగా వెళ్లే బస్సు ముట్టుకాడు వైపు రాదు. ఎంజీఎం అనే వినోద పార్కు దగ్గర దిగాలి. టికెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే రోజే చూసుకోండి.

కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. మధ్యాహ్నం వచ్చి గంటలో చుట్టేద్దామనుకుంటే ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. ఎండ ముదరకముందే ఆరుబయట తిరిగి ఇళ్లను బయటి నుంచి చూసేయాలి. మగ్గాలు, గ్యాలరీలు మధ్యాహ్నానికి ఉంచుకోవాలి. గడపలు ఎత్తు, మెట్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఏదో ఒక అరుగు మీద కూర్చోబెట్టి మీరు తిరిగి రావచ్చు. అరుగులు కట్టిందే అందుకు.

ఇళ్లను ఇలా తరలించి మ్యూజియం కట్టే ఆలోచన ఉత్తర ఐరోపాలో పుట్టింది. నార్వేలో గోల్ అనే ఊరి పాత చెక్క చర్చిని 1880లలో విప్పి, ఓస్లో దగ్గరి బిగ్డోయ్‌లో తిరిగి నిలబెట్టారు. ఇప్పుడది నార్వే జానపద మ్యూజియంలో ఉంది. చెక్క కట్టడమైతే ముక్కలకు గుర్తులు పెట్టి విప్పి, అదే వరసలో మళ్లీ బిగించవచ్చు. మన ఇళ్లతో వచ్చే చిక్కంతా మట్టి గోడతోనే. దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు లారీ ఎక్కుతాయి గానీ మట్టి గోడ ఎక్కదు, దాన్ని కొత్తగా పెట్టుకోవాల్సిందే. అందుకని ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు ఏది ప్రయాణం చేసి వచ్చింది, ఏది ఇక్కడే కట్టారు అని చూడండి. పాత చెక్క తనంతట తానే చెప్తుంది: కాళ్లు తగిలి నున్నబడిన గడప, ఇప్పుడు ఏ పనికీ రాని మేకు రంధ్రం, వాసం మీద వరసగా లేని బాడిస (వడ్రంగి చెక్క చెక్కే పనిముట్టు) దెబ్బలు.

కోస్తా ఆంధ్ర చుట్టిల్లు దగ్గర ఎక్కువసేపు ఆగండి. దీన్ని తుపాను కోసం కట్టారు. గుండ్రటి గోడకు మూలలుండవు కాబట్టి గాలి ఒకచోట పట్టి తోయకుండా పక్కల నుంచి జారిపోతుంది. కప్పు అంచు బాగా కిందికి దిగడం వల్ల గాలి లోపల దూరి పైకి లేపే వీలు తక్కువ, వాన చినుకు మట్టి గోడకు తగలదు. చూరు కింద వంగి లోపలికి వెళ్లి, ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడండి. బయటికీ లోపలికీ వేడిలో తేడా ఒంటికే తెలుస్తుంది.

తర్వాత నల్గొండ ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు. ఇక్కత్‌లో బొమ్మ నేసేటప్పుడు పుట్టదు. నూలును ముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు ఎక్కదు. నేతలో పోగు కాస్త జరిగినా బొమ్మ అంచు చెదురుతుంది. చేతి ఇక్కత్‌లో ఆ అంచు ఈకలా కనిపించేది అందుకే. అచ్చు వేసిన నకిలీ బట్టకు అంచు గీత గీసినట్టు ఉంటుంది, వెనకవైపు రంగు పాలిపోయి ఉంటుంది. పిల్లల చేత బట్ట తిరగేయించి చూపించండి.

మిగతావాటిలో చెట్టినాడు ఇంటి స్తంభాలు, కేరళ ఇళ్ల చెక్క పని వదలకండి. కేరళ కప్పుల వాలు చూసి అక్కడి వానను అంచనా వేయమంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

కుండలు చేయించే చోట చిల్లర డబ్బులు అవసరమవుతాయి. పిల్లలు చక్రం మీద చేసిన పచ్చి కుండ కాల్చనిది కాబట్టి సంచిలో పెడితే నలిగిపోతుంది. మూతున్న గట్టి డబ్బా ఒకటి తీసుకెళ్లండి, ఇంటికెళ్లాక నీడలో ఆరబెట్టండి, అందులో నీళ్లు మాత్రం పోయకండి.