క్యాన్సర్ సిగ్నల్స్ చదవడం, 3వ పాఠం: జి12వి అంటే ఏం చెడినట్టు?

పోయిన పాఠంలో రాసుకున్న వరస, అంటే కణం పైనుంచి లోపలికి సిగ్నల్ అందించే ప్రోటీన్ల వరస, ముందు పెట్టుకోండి: ఈజీఎఫ్ఆర్, గ్రబ్2, సాస్, రాస్, రాఫ్, మెక్, ఎర్క్. చివర్న ఎర్క్ న్యూక్లియస్‌లోకి వెళ్ళి కణాన్ని విభజన వైపు నెడుతుంది. ఇవాళ మధ్యలో ఉన్న రాస్ ఒక్కటే, అందులో వచ్చే జి12వి అనే మార్పు చూద్దాం.

రాస్ జీటీపీ అనే చిన్న అణువుని పట్టుకుని ఉంటే ఆన్, అది విరిగాక మిగిలే జీడీపీని పట్టుకుంటే ఆఫ్. సాస్ వచ్చి జీడీపీని వదిలిస్తే ఆ చోట్లోకి జీటీపీ వస్తుంది, సిగ్నల్ మొదలవుతుంది. ఆగాలంటే ఆ జీటీపీ విరగాలి, రాస్ తనంతట తను ఆ పని మహా నెమ్మదిగా చేస్తుంది, గ్యాప్ అనే ఇంకో ప్రోటీన్ తనలోని ఆర్జినీన్ అనే అమైనో యాసిడ్ ఒకటి లోపలికి దూర్చి సాయం చేస్తేనే గబగబా అవుతుంది.

ఇప్పుడు జి12వి అనే పేరు చదువుదాం. జి అంటే రాస్‌లో ఉండాల్సిన గ్లైసీన్ అనే అమైనో యాసిడ్, 12 దాని స్థానం, వి అంటే బదులుగా వచ్చిన వాలీన్. గ్లైసీన్ సైడ్ చైన్ ఒక్క హైడ్రోజనే, వాలీన్‌ది అంతకంటే లావు, దాంతో గ్యాప్ ఆర్జినీన్ కుదురుకోడానికి చోటు చాలదు, జీటీపీ విరగదు, పైనుంచి ఏ కబురూ రాకపోయినా రాస్ ఆన్‌లోనే ఉండిపోతుంది. 1982లో మూత్రాశయ క్యాన్సర్ కణాల హెచ్‌రాస్ (రాస్‌లో ఒక రకం) జీన్‌లో బయటపడింది ఇదే, ఆ చోట డీఎన్ఏ మూడక్షరాలు జీజీసీ కాస్తా జీటీసీ అయ్యాయి, మారింది ఒక్క అక్షరం. ఈ సబ్జెక్ట్‌లో ఇంతకంటే గొప్ప విషయం నాకు కనిపించలేదు. అయితే ఇదొక్కటే ఉంటే మామూలు కణం క్యాన్సర్ అయిపోదు, పీ53 లాంటి కాపలా ప్రోటీన్లు చాలాసార్లు దాన్ని అక్కడే ఆపేస్తాయి, అవీ దెబ్బతినాలి.

దీంతో పనేంటంటే, పెద్దపేగు క్యాన్సర్ ముదిరినప్పుడు సెటుక్సిమాబ్ ఇచ్చే ముందు రాస్ టెస్ట్ తప్పకుండా చేయిస్తారు, ఎందుకో మీరే వరస మీద వేలు పెట్టి చూడండి. ఆ మందు పట్టుకునేది కణం బయట ఈజీఎఫ్ఆర్‌ని, చెడింది దాని కింద ఉన్న రాస్, కాబట్టి పైన మూసినా కింద ఆగదు, పేషెంటుకి మిగిలేది ఖర్చూ ఒంటి మీద దద్దుర్లూ. అందుకే ముందు చెడిన చోటు గుర్తించండి, తర్వాతే మందు పేరు చూడండి. 2021లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి అనుమతి వచ్చిన సోటోరాసిబ్ అనే మందు అయితే నేరుగా రాస్‌లో ఇంకో రకమైన కేరాస్‌నే పట్టుకుంటుంది, కానీ జి12సి (సి అంటే సిస్టీన్) ఉంటేనే, ఎందుకంటే అది అతుక్కునేది ఆ కొత్త సిస్టీన్‌కే.

అభ్యాసం: కేరాస్ జి12డి ఉన్నవాళ్ళకి సోటోరాసిబ్ పనిచేస్తుందా? డి అంటే ఆస్పార్టిక్ యాసిడ్. రెండోది, బీరాఫ్ వి600ఇ (ఇ అంటే గ్లుటామిక్ యాసిడ్), దీన్ని విడదీసి చదివి వరసలో ఎక్కడుందో గుర్తు పెట్టండి. దీన్ని మందుతో మూస్తే మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) గడ్డలు చాలామందిలో తగ్గుతాయి, పెద్దపేగులో మాత్రం అంతగా తగ్గవు, అక్కడ ఈజీఎఫ్ఆర్ మళ్ళీ ఎలా లేస్తుందో 4వ పాఠంలో చూద్దాం.