సాయంత్రపు ఎండలో కనిపించే గీత: కిటికీ అద్దాలు తుడిచేవారు పాటించవలసిన పద్ధతులు

కిటికీ అద్దాలు తుడవడాన్ని వృత్తిగా ఎంచుకున్నవారికి ఉన్న చిక్కు ఏమిటంటే, ఈ పనిలో లోపం వెంటనే బయటపడదు. తడి ఆరని అద్దం ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇంటివారు డబ్బులిచ్చి పంపిన తరువాత, సాయంత్రం పడమటి ఎండ ఏటవాలుగా తగిలినప్పుడు గీతలూ మరకలూ తేలతాయి. అప్పటికి మనం అక్కడ ఉండము. అందుచేత ఎవరూ అడగకముందే మన పనిని మనమే ఆ ఎండలో పెట్టి చూసుకోవడం అలవాటు కావాలి.

పని మొదలుపెట్టేముందు అద్దాన్ని పొడిగా ఉండగానే ఇంటివారితో కలిసి పరిశీలించాలి. పాత గీతలు, సిమెంటు చుక్కలు, పెయింటు మరకలు ఎక్కడున్నాయో వారికి చూపించి ఫోనులో ఫొటో తీసుకోవాలి. నేను ఈ పని నేర్చుకునే రోజుల్లో, హైదరాబాద్‌లోని ఒక కొత్త ఫ్లాటులో, సిమెంటు చుక్కలను బ్లేడుతో ముందుకూ వెనక్కూ గీకి, బ్లేడు కింద చిక్కిన ఇసుక రేణువుతో జానెడు పొడవున గీత పెట్టాను. అది ముందే ఉందని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, ఆ రోజు కూలి వదులుకున్నాను. బ్లేడు వాడక తప్పకపోతే అద్దం బాగా తడిగా ఉండాలి, ఒకే దిశలో నెట్టాలి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకి ఎత్తాలి. టెంపర్డ్ అద్దమైతే (వేడిచేసి గట్టిపరచినది) బ్లేడు జోలికి పోకపోవడమే మంచిది.

అద్దం కంటే ముందు దోమల మెష్, కిటికీ రెక్కలు జరిగే ట్రాకులు శుభ్రం కావాలి. ట్రాకులోని దుమ్మును పొడి బ్రష్‌తోనో వాక్యూమ్‌తోనో తీసిన తరువాతే నీళ్లు తగలాలి. లేకపోతే అది బురదై మూలల్లో గడ్డకడుతుంది. ట్రాకు అడుగున వాన నీరు బయటకు పోయే చిన్న రంధ్రాలుంటాయి. ఇంటివారు వాటిని ఎన్నడూ గమనించరు, తుడవలేదని అడగరు కూడా. అయినా ఒక సన్నని పుల్లతో వాటిని తెరవండి, ఎందుకంటే అవి పూడుకుపోతే శ్రావణంలో వాన నీరు గదిలోకే వస్తుంది.

ఇక అద్దం. బకెట్ నీళ్లలో పాత్రలు కడిగే సబ్బు నాలుగు చుక్కలు చాలు. నురగ ఎక్కువైతే మరకలు మిగులుతాయి. ఎండ నేరుగా పడే అద్దాన్ని ఆ వేళ ముట్టుకోకూడదు, నీళ్లు వైపర్‌తో లాగేలోపే ఆరిపోతాయి. ఉదయం పడమటి కిటికీలు, మధ్యాహ్నం తరువాత తూర్పువి చేయాలి. రుద్దిన తరువాత పై అంచును వేలెడు వెడల్పున గుడ్డతో ఆరబెట్టి, వైపర్‌ను ఆ పొడి చోట ఆనించి కిందికి లాగాలి. ప్రతి లాగుడూ అంతకుముందు లాగిన దారి మీదికి రెండు వేళ్ల మేర రావాలి, ప్రతిసారీ రబ్బరును తుడవాలి. ఒకే రబ్బరు పట్టీ ఉన్న తేలికపాటి ఇత్తడి వైపర్‌కు, ఇటలీ నుంచి కాలిఫోర్నియాకు వలస వెళ్లిన ఎట్టోరె స్టెకోనె 1936లో పేటెంట్ పొందారు. నేటికీ పనిముట్టు రూపం పెద్దగా మారలేదు. రబ్బరు అంచు మీద గోరు నడిపి చూడండి. ఎక్కడైనా తట్టుకుంటే పట్టీని తిరగేయాలి లేదా మార్చాలి. కొత్త రబ్బరు ఖర్చుకు వెనకాడేవారి పని అద్దం మీద సన్నని నీటి దారమై కనిపిస్తుంది.

బోరు నీళ్లతో కడిగి అలాగే వదిలేస్తే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని చుక్కలుగా మిగులుతాయి. వైపర్‌తో పూర్తిగా లాగితే ఇబ్బంది లేదు. పొడుగు కర్ర బ్రష్‌తో కడిగి వదిలేసే చోట మాత్రం టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత) దాదాపు సున్నా ఉన్న నీళ్లే వాడాలి. పాత ఉప్పు మరకలకు వెనిగర్ పెట్టి కొంతసేపు ఆగాలి. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే అల్యూమినియం ఫ్రేము పాడవుతుంది. వెనిగర్‌కు లొంగని మరక అద్దాన్నే తినేసి ఉండవచ్చు. ఆ మాట చెప్పి ఆ అద్దానికి డబ్బులు తీసుకోకండి.

ఎత్తు విషయంలో మొహమాటం పనికిరాదు. “ఒక్క నిమిషం పనే కదా బాబూ, సన్‌షేడ్ మీద దిగి తుడిచేయ్” అని ఇంటివారు బతిమాలినా దిగకూడదు. తాడు మీద చేసే పనికి శిక్షణ ఉండాలి, ఒంటికి ఫుల్ బాడీ హార్నెస్ (భుజాలనూ తొడలనూ పట్టి ఉంచే బెల్టు) ఉండాలి, వేరువేరు ఆధారాలకు కట్టిన రెండు తాళ్లు ఉండాలి.

చివరగా పక్కకు వెళ్లి, ఫోను టార్చిని అద్దానికి దాదాపు ఆనించి ఏటవాలుగా వేసి చూడండి. గీత కనిపించినా అది ఏ వైపున ఉందో తేలక రెండు వైపులా తుడుస్తూ కూర్చోవడం మామూలే. అందుకే నేను లోపలి వైపు నిలువుగా, బయటి వైపు అడ్డంగా వైపర్ లాగుతాను. నిలువు గీత కనిపిస్తే గుడ్డ పట్టుకుని నేరుగా లోపలికే వెళ్తాను.