అక్కడి నాలుగు గంటలంటే మన రెండు గంటలే

పోయిన జులైలో నాకు తమ్ముడి వరసయ్యే అబ్బాయి ఒకడు భార్యతో లండన్ నుంచి స్పెయిన్ వచ్చి, సైకిల్ తొక్కి, ఎండదెబ్బతో ఆసుపత్రిలో పడ్డాడు. కొండలూ గుట్టలూ ఎక్కి కాదు. స్పెయిన్ దక్షిణాన ఆండలూసియా ప్రాంతంలో ఓల్వేరా అనే ఊరి నుంచి ప్వెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్ల పాత రైలు దారి ఉంది, పిల్లలు కూడా తొక్కే దారి, దాని మీద. (1920ల్లో తవ్వారు, ఒక్క రైలూ నడవలేదు, ఇప్పుడు సైకిళ్లకు వదిలేశారు.) ఈ వేసవికి ఇంకో రెండు కుటుంబాలు అదే దారి గురించి అడుగుతున్నాయి, అందరికీ ఫోన్లో చెప్పలేక రాస్తున్నా. టోపీ, క్రీమ్ లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

అసలు తప్పు గడియారం దగ్గర జరుగుతుంది. స్పెయిన్ ఉన్నది ఇంచుమించు లండన్‌కు తిన్నగా కింద, 1940 నుంచి వాడుతున్నది జర్మనీ టైము, పైగా వేసవిలో ఇంకో గంట ముందుకు జరుపుతారు. దాంతో జులైలో ఓల్వేరాలో సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి గడియారంలో దాదాపు రెండున్నర. హైదరాబాద్‌లో అయితే అప్పటికి పన్నెండుంబావు దాటుతుంది. రెండు గంటల తేడా. మనవాళ్లేమో "నాలుగైంది, ఎండ దిగింది, కదులుదాం" అంటారు. దిగలేదు. ఆ నాలుగు మన రెండు. అక్కడ వేడి ముదిరేదే ఐదు, ఆరు గంటలప్పుడు.

వీళ్లు చేసింది అదే. పొద్దున హోటల్లో తీరిగ్గా టిఫిన్ తిని పదిన్నరకు బయల్దేరారు. ఓల్వేరా ఎత్తులో ఉంది కాబట్టి వెళ్లేటప్పుడు మొత్తమ్మీద పల్లమే, సైకిల్ దానంతటదే పోతుంది. దారి మధ్యలో కొరీపే అనే ఊరి దగ్గర భోంచేసి, చెట్టుకింద కునుకు తీసి, సరిగ్గా నాలుగింటికి వెనక్కి తిరిగారు. ఇక అదంతా ఎగువ. కంటికి కనిపించదు, కాళ్లకు తెలుస్తుంది. మావాడు రెంటచింతలలో పెరిగాడు, "నాకు ఎండ కొత్తా" అన్నాడట. 2021 ఆగస్టులో ఇదే ఆండలూసియాలోని లా రాంబ్లాలో 47.6 డిగ్రీలు కాసింది, ఆ ఎండకు మన ఊరూ పేరూ తెలియవు. సీసాలో నీళ్లు కాగినట్టయ్యాయి. నల్ల టీషర్టు మీద ఉప్పు చారలు కట్టాయి. కాసేపటికి చెమట పట్టడం ఆగింది, "ఇంకెంత దూరం" అని మూడుసార్లు అడిగి మూడుసార్లూ జవాబు మర్చిపోయాడు. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి, "బావగారూ, ఈయన మాట తేడాగా ఉంది" అంది. పెట్టేసి అక్కడి ఎమర్జెన్సీ నంబరు 112కి చెయ్యమ్మా అన్నా. ముందు నాకు చేయడం వల్ల పది నిమిషాలు పోయాయి. ఎలాగో దారిలోని ఓ టన్నెల్ లోపలికి, చల్లటి చోటికి లాక్కెళ్లింది, కానీ లోపల సిగ్నల్ లేక ఫోన్ కోసం మళ్లీ ఎండలోకి పరుగు. మాట తడబడిందంటే అది అలసట కాదు. నీడకు చేర్చండి, తలా ఒళ్లూ తడిపి విసరండి, 112 చేయండి, పక్కన కిలోమీటరు గుర్తు కనిపిస్తే ఆ అంకె చెప్పండి.

జులై, ఆగస్టుల్లో అక్కడ తెల్లారేదే ఏడు దాటాక. వెలుగు రాగానే కదలండి, పన్నెండుకల్లా గదిలో ఉండండి. కుదరదనుకుంటే సగం దూరం నుంచే వెనక్కి వచ్చేయండి, ఎవరూ మార్కులు వేయరు. లేదంటే ఒక్కవైపే తొక్కి, కారో ట్యాక్సీయో ముందే మాట్లాడుకోండి. నాలుగింటికి తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు.

బ్రేకులు. మన దగ్గరా ఇంగ్లండ్‌లోనూ ముందు చక్రం బ్రేకు కుడిచేతికి, అక్కడ మామూలుగా ఎడమచేతికి. అద్దె సైకిల్ ఎక్కగానే నెమ్మదిగా నొక్కి చూసుకోండి, కంకర మీద దిగుతూ అలవాటుగా ఎడమది గట్టిగా పట్టారంటే హ్యాండిల్ దాటి పడతారు.

దారిలో 30 టన్నెళ్లు, అన్నిటికన్నా పొడవైనది కిలోమీటరుకు కాస్త తక్కువ, లోపల లైట్లు వెలుగుతాయని నమ్ముకోవద్దు, సొంత లైటు ఉండాలి, లోపలికి వెళ్లేముందు నల్లద్దాలు తీసేయాలి, ఎదురుగా నడిచొచ్చేవాళ్లుంటారు. కుడివైపునే తొక్కండి. హెల్మెట్ తీయొద్దు. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, వచ్చే ఊళ్లో కొనుక్కుందాం అనొద్దు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పల్లెల్లో దుకాణాలు మూసేస్తారు. కుళాయి మీద "నో పొతాబ్లే" (తాగే నీళ్లు కావు) అని ఉంటే తాగొద్దు, తల తడుపుకోండి. గొర్రెల మంద దగ్గర పెద్ద కుక్క కనిపిస్తే తొక్కుతూ పారిపోవద్దు, దిగి, సైకిల్ అడ్డం పెట్టుకుని నెమ్మదిగా నడవండి. గేటు తీస్తే మళ్లీ వేయండి. సాఫ్రమగోన్ కొండ దగ్గర రాబందులు తిరుగుతుంటాయి, చూడాలంటే సైకిల్ ఆపి చూడండి. వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇస్తే ఆ రోజు మానేయండి, డబ్బులు కట్టేసినా సరే. నాలుగింటికి బయల్దేరొద్దు, మూడోసారి చెబుతున్నా. దారి పక్కన గడ్డిలో సైకిల్ పడేయొద్దు, మన పల్లేరు కాయ అక్కడా ఉంది, ట్యూబు రెండు చోట్ల పోతుంది, కాబట్టి స్పేర్ ట్యూబు, పంపు మీ సంచిలోనే ఉండాలి.