నూకలు తినే కోడి తూలుతుంటే

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మిల్లు నూకలే ప్రధాన మేతగా పెరిగే పెరటి కోడి తల వెనక్కి విరుచుకొని, అడుగు తడబడి కూలబడుతుంటే, బి1 విటమిన్ లోపాన్ని కూడా అనుమానించాలి. పాలిష్ బియ్యం తిన్న కోళ్లు ఇలాగే కాళ్లు చచ్చుబడి, దంపుడు బియ్యం పెట్టాక కోలుకోవడాన్ని 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే వైద్యుడు గమనించాడు. అందుచేత నూకల్లో ఈ విటమిన్ ఉండే తాజా తవుడు, కొన్ని చోళ్లు (రాగులు) కలపడం మంచిది. ముక్కిపోయిన తవుడు, ఎంత చౌకగా దొరికినా, పనికిరాదు. లేవలేని కోడికి మేత మార్పు ఒక్కటే చాలదు కనుక పశువైద్యుడు చెప్పిన మోతాదులో బి కాంప్లెక్స్ చుక్కలు నోట్లో వేయాలి. అయితే మెడ మెలితిరగడంతో పాటు ఆకుపచ్చని రెట్ట, ఎగశ్వాస కనిపిస్తే అది కొక్కెర తెగులు (రాణిఖెట్ అనే అంటువ్యాధి) కావచ్చు. అప్పుడు విటమిన్లతో కాలయాపన చేయక, ఆ కోడిని వెంటనే వేరుచేసి పశువైద్యశాలకు తెలియజేయాలి.