కెలనియ ఆలయం హడావుడి లేకుండా ఎలా చూడాలి

శ్రీలంకలో కొలంబో టూర్ ప్యాకేజీల్లో కెలనియ బౌద్ధ ఆలయానికి అరగంట పడేస్తుంటారు, దిగడం, స్తూపం ముందు ఫోటో, మళ్లీ బస్సెక్కడం. ఆ మాత్రానికైతే వెళ్లకపోయినా పర్లేదు. రెండు గంటలైనా ఉంచుకోండి.

కొలంబో శివారే, ఊరి నడిబొడ్డున ఉన్న ఫోర్ట్ ప్రాంతం నుంచి పది కిలోమీటర్లు అటూ ఇటూ, కెలని నది ఒడ్డున. రైల్లో వెళ్తే స్టేషన్ నుంచి గుడికి మళ్లీ త్రీవీలర్ కావాలి, కాబట్టి పిక్‌మీ (మన ఓలా లాంటి అక్కడి యాప్)లో నేరుగా బండి బుక్ చేసుకుంటే సుఖం. పౌర్ణమి నాడు, అంటే వాళ్ల పోయ రోజున, దేశమంతా సెలవు, గుడి నిండా తెల్లబట్టల జనం. సందడి కావాలంటే ఆ రోజు వెళ్లండి, గోడల మీది బొమ్మలు తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు పొద్దున్నే. జనవరి పోయకి ముందు దురుతు పెరహెర జరుగుతుంది, ఏనుగులతో పెద్ద ఊరేగింపు.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. చెప్పులు, టోపీ బయటే. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగారో, ఎవరో ఒకరు గట్టిగానే చెప్తారు.

ముందు స్తూపం దగ్గరికి వెళ్లండి, వడ్లరాశి ఆకారంలో ఉంటుంది. జ్ఞానోదయమైన ఎనిమిదో ఏట నాగుల రాజు పిలుపు మీద బుద్ధుడు ఇక్కడికి వచ్చాడని, ఆయన కూర్చున్న రత్నాల ఆసనం ఇందులోనే ఉందని నమ్మకం. ఇప్పుడున్న గుడి మాత్రం అంత పాతది కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు నాశనం చేస్తే, 18వ శతాబ్దంలో కండి రాజు కీర్తి శ్రీ రాజసింహ కాలంలో మళ్లీ లేచింది. ఆయనది తమిళనాడులోని మధురై వైపు నుంచి వెళ్లిన నాయక్కర్ వంశం, తీగ లాగితే మన తెలుగు నాయక రాజుల దాకా వస్తుంది!

లోపల పాత గదుల్లో కండి కాలం నాటి బొమ్మలుంటాయి, కాసేపు చూసి కొత్త మందిరంలోకి నడవండి. 20వ శతాబ్దంలో హెలెనా విజయవర్ధన అనే దాత పూనుకుని గుడిని పెంచితే, ఆ గోడల మీద చిత్రకారుడు సోలియస్ మెండిస్ ఏళ్ల తరబడి బొమ్మలు వేశాడు. గైడ్ లేకపోయినా కొన్ని గుర్తుపట్టొచ్చు: బోధి మొక్క తెస్తున్న అశోకుడి కూతురు సంఘమిత్త, కళింగం నుంచి బుద్ధుడి దంతాన్ని జుట్టులో దాచి తెచ్చిన రాకుమారి హేమమాల, తాళపత్రాలు అందిస్తున్న బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు. బయటికొచ్చాక గోడ కింది వరసలు కూడా వదలొద్దు, ఏనుగులు, హంసలు, పొట్టి మరుగుజ్జులు, ఒక్కొక్కడి మొహం ఒక్కోలా!

చివర్లో విభీషణుడి దేవాలయం. కెలనియకి కాపలా దేవుడు ఆయనే, మన దగ్గర రాముడి పక్కన చేతులు కట్టుకుని నిలబడే విభీషణుడికి ఇక్కడ సొంతంగా పూజలున్నాయి. జనం పళ్ల తట్టలు పట్టుకుని వస్తారు, మీకూ ఇవ్వాలనిపిస్తే లోపలికి వచ్చే ముందే బయట కొనుక్కోండి.