క్రిమినల్ లా చదువుతరా? వెనక బెంచీల కూసోండ్రి

పోలీసు, ప్రాసిక్యూటర్, జడ్జి... వీటికి ఏం చదవాలె అని నర్సంపేట, పరకాల దిక్కు పిల్లలు అడుగుతుంటరు. నేను హన్మకొండల క్రిమినల్ కేసులు నడిపే వకీలును. ఎస్సై ఒక్కటే కావాలంటే ఏ డిగ్రీ అయినా నడుస్తది. మగపిల్లలు 1600 మీటర్లు, ఆడపిల్లలు 800 మీటర్లు ఉరుకుడు ఇప్పటిసందే షురూ చెయ్యాలె. మిగతా రెండిటికి లా తప్పదు. ఇంటర్ మీద ఐదేండ్లు, డిగ్రీ మీద మూడేండ్లు. ఏదానికైనా లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) రాయాలె. సుబేదారిల కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉండంగ హైదరాబాద్‌ల రూములకు కిరాయిలు కట్టుడు ఎందుకో నాకైతే సమజ్ కాదు.

2024 జులై 1 నుంచి మూడు కొత్త క్రిమినల్ చట్టాలు అమలుల ఉన్నయి: నేరాలు, శిక్షలు చెప్పే బీఎన్ఎస్ (ఐపీసీ జాగల వచ్చింది), కేసు నడిపే పద్ధతి చెప్పే బీఎన్ఎస్ఎస్, సాక్ష్యాల సంగతి చెప్పే బీఎస్ఏ. అట్లని పాత ఐపీసీని అటకెక్కియ్యకుండ్రి. ఆ తారీఖు కన్న ముందటి నేరాలకు అదే వర్తిస్తది, అసొంటి కేసులు ఇంక నడుస్తున్నయి. పాత సెక్షన్ 302 (హత్య) పక్కన కొత్త 103, 420 (మోసం) పక్కన 318 అని మీ చేతితోనే రాసుకోండ్రి. గైడ్లు పక్కన పెట్టి బేర్ యాక్ట్ (వ్యాఖ్యలు లేని అసలు చట్టం పుస్తకం) చదువుండ్రి.

అసలు చదువు అదాలత్ల ఉన్నది. ఫోన్ బంద్ జేసి మెజిస్ట్రేట్ కోర్టుల వెనక బెంచీ మీద కూసోండ్రి. కాల్‌వర్క్ (కేసులు పిలిచి వాయిదాలు ఏసుడు) అయ్యేదాక విసుగొస్తది, ఓపిక పట్టాలె. సాక్షి బోనెక్కినంక చెవులు రిక్కించుండ్రి.

ఒక దొంగతనం కేసు పట్టుకోండ్రి. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నడంటే బీఎస్ఏ 23 కింద చెల్లదు. ఆ మాటతోని సొమ్ము దొరికితే, సొమ్ముకు దారి చూపిన ఆ మాట ముక్క మట్టుకే పనికొస్తది. అందుకే రికవరీ పంచనామా (పంచ్ సాక్షుల ముందు సొమ్ము దొరికినట్టు రాసే కాయితం) మీదనే కేసు నిలవడుతది. పంచ్ సాక్షి వచ్చి "సంతకం నాదే, స్టేషన్ల పెట్టించుకున్నరు" అన్నడంటే ప్రాసిక్యూషన్ మొఖం మాడుతది. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తియ్యాలె. ఆ వీడియోను కోర్టుల పెట్టాలంటే బీఎస్ఏ 63 సర్టిఫికెట్ కావాలె. ఎస్సై కావాలనుకునేటోళ్లు ఇది తప్పక చూడాలె, రేపు ఆ పంచనామా రాసేది మీరే.

ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) నౌకరికి మూడేండ్ల ప్రాక్టీసు అడుగుతరు. జూనియర్ సివిల్ జడ్జికి కూడ మూడేండ్లు ఉండాలెనని 2025 మేల సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే సీనియర్‌ను చూసి ఎంచుకోండ్రి. బెయిల్ పిటిషన్లే ఏసే ఆయన కాడ కాకుండ, ట్రయల్ నడిపే ఆయన కాడ జేరుండ్రి. మొదట్ల వాయిదాలు అడుగుడే పని, పైసలు కూడ అంతంతే.