విన్‌పీఈకి కనిపించని డిస్క్: డ్రైవర్లను సిద్ధం చేసుకున్న తీరు

కార్యాలయానికి వచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లలో విండోస్ 11 నెట్‌వర్క్ ద్వారా దానంతటదే ఇన్‌స్టాల్ అయ్యేలా ఏర్పాటు చేస్తుండగా, విన్‌పీఈ (ఇన్‌స్టాలేషన్ కోసం ముందుగా నడిచే చిన్న విండోస్) బూట్ అయ్యాక డిస్క్‌ను పార్టిషన్ చేసే దశలోనే పని ఆగిపోయింది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో డిస్కుల జాబితా అడిగితే ఒక్కటీ లేదు. బయోస్‌లో మాత్రం ఎన్‌వీఎంఈ డ్రైవ్ (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ) నిక్షేపంగా కనిపిస్తోంది.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ డ్రైవ్ వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజీ కంట్రోలర్ వెనుక ఉంటుంది కనుక, దాని డ్రైవర్ విన్‌పీఈలో లేకపోతే డ్రైవ్ ఉన్నా లేనట్టే. బయోస్‌లో వీఎండీని ఆపేయమని చాలామంది సలహా ఇస్తారు గానీ, ప్రతి యంత్రం దగ్గరా కూర్చుని సెట్టింగ్ మార్చాల్సి వస్తే ఇక ఆటోమేషన్ ఎందుకు?

అందువల్ల తయారీదారు ఇచ్చిన డ్రైవర్ ఈఎక్స్‌ఈ ఫైలును ఎక్స్‌ట్రాక్ట్ చేసి, ఐఎన్‌ఎఫ్, సిస్, క్యాట్ ఫైళ్లున్న ఫోల్డర్‌ను వేరుచేసి, విండోస్ ఇమేజ్‌లను మార్చే డిస్మ్ టూల్‌తో బూట్ ఇమేజ్‌ను (విన్‌పీఈ ఉండే ఫైలును) మౌంట్ చేసి, ఆ డ్రైవర్‌ను అందులో చేర్చి, మార్పులను సేవ్ (కమిట్) చేస్తూ అన్‌మౌంట్ చేశాను. బూట్ ఇమేజ్‌కు స్టోరేజీ, నెట్‌వర్క్ డ్రైవర్లు చాలు. ఆడియో, గ్రాఫిక్స్ అక్కడ బరువే తప్ప ప్రయోజనం లేదు. వాటిని మోడల్‌వారీ ఫోల్డర్లలో ఉంచి, విండోస్ ఇమేజ్ డిస్కుపైకి దిగాక, మొదటి రీబూట్‌కు ముందే డిస్మ్ చేర్చేలా స్క్రిప్టు రాశాను. వీఎండీ డ్రైవర్‌ను ఈ విండోస్ ఇమేజ్‌లో కూడా చేర్చడం తప్పనిసరి, లేదంటే రీబూట్ కాగానే ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటూ నీలితెర వస్తుంది.

స్క్రిప్టు సరైన మోడల్ ఫోల్డర్‌ను ఎంచుకోవాలంటే, దాని పేరు డబ్ల్యూఎంఐ (యంత్రం వివరాలు తెలిపే విండోస్ సేవ) చూపే మోడల్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇన్‌స్టాలేషన్ ముగిశాక పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ కమాండ్‌తో సమస్య ఉన్న పరికరాల జాబితా తీస్తే, డ్రైవర్ అందనివి ఏమైనా ఉంటే వెంటనే బయటపడతాయి.